ఒకే పేరుకు ఇద్దరు హక్కుదారులు

(సంఘం వార్షిక సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



కార్యదర్శి గారు నన్ను కంప్యూటరు గురించి ఓ పావుగంట మాట్లాడమన్నారు. ముప్ఫై ఆరేళ్లు ఫైళ్లు మోసిన గుమాస్తాను. లినక్సు గురించి మాట్లాడే అర్హత నీకేమిటయ్యా అని మీరడగొచ్చు. అర్హత లేదు, అపరాధం ఉంది. 2024లో మన సంఘం కంప్యూటరులో జరిగిన పొరపాటులో సగం బాధ్యత నాది. కార్యవర్గం ముందు అప్పుడే ఒప్పుకున్నాను. ఇవాళ మీ అందరి ముందు చెప్పి, అది ఎందుకు జరిగిందో, అలాంటి చిక్కు వచ్చినప్పుడు ఆ పనిలో పండిపోయినవాళ్లు ఏం చేస్తారో నాకు అర్థమైనంత మేరకు చెబుతాను.

మీలో చాలామంది ఈ చుట్టుపక్కల వాళ్లే. మైత్రీవనం దగ్గర గోడలు చూసే ఉంటారు. జావా, ఒరాకిల్ రోజుల నుంచి నేటి క్లౌడు కోర్సుల దాకా ఎన్ని వచ్చాయో అన్ని పోస్టర్లు. కరోనా తరవాత చాలా క్లాసులు ఇంట్లో కూర్చునే వినేవిగా మారినా, గోడలకు మాత్రం తీరిక దొరకలేదు. ఖాళీ జాగా లేదు గనక కొత్తవాడు పాతవాడి పోస్టరు మీదే తన పోస్టరు అంటిస్తాడు. కింద ఉన్న పోస్టరులో ఏ బ్యాచి ఎప్పుడు మొదలో చూసుకుందామని వచ్చిన పిల్లవాడికి పైన ఇంకెవరిదో ఫోను నంబరు కనిపిస్తుంది. ఎవరూ ఎవరినీ అడగరు, ఎవరూ ఎక్కడా రాసుకోరు. మా పొరపాటు కూడా ఇంతే. గోడకు బదులు కంప్యూటరు డిస్కు.

ముందు ఒక చిన్న సంగతి తేటపడాలి. కంప్యూటరులో ప్రతి ఫైలుకూ ఒక చిరునామా ఉంటుంది. మన హైదరాబాదు ఇంటి నంబరు లాంటిదే. మొదటి అంకె వార్డు, రెండోది బ్లాకు, మూడోది ఇల్లు, ఆపైన బై ఏ, బై బి. పంజాగుట్టలో 6-3తో, అమీర్‌పేటలో 7-1తో మొదలయ్యే నంబర్లు మీలో ఎందరి పెన్షను కాగితాల మీదనో ఉన్నాయి. లినక్సులో గీతలతో రాస్తారు: /యూఎస్ఆర్/బిన్/ అని రాసి చివర ప్రోగ్రాము పేరు పెడతారు. వార్డు యూఎస్ఆర్, బ్లాకు బిన్, ఆపైన ఇల్లు. మనం కమాండుగా కొట్టే ప్రోగ్రాములు ఎక్కువ భాగం ఈ ఒక్క బ్లాకులోనే కాపురం ఉంటాయి. మన వీధిలో "శ్రీ లక్ష్మీ నిలయం" అని మూడిళ్లు ఉన్నా పోస్టుమాను నంబరు చూసి ఉత్తరం ఇచ్చేస్తాడు. ఈ బ్లాకులో అలా కుదరదు. పేరే నంబరు, నంబరే పేరు. ఒక పేరుకు ఒక్క ఇల్లే.

ఈ ప్రోగ్రాములు విడివిడిగా రావు, మూటలుగా వస్తాయి. ఆ మూటనే ప్యాకేజీ అంటారు. ప్రోగ్రాము, దాని సహాయ పత్రాలు, ఏ ఫైలు ఎక్కడ పెట్టాలన్న జాబితా, ఇంకా ఏయే మూటలు తోడు కావాలన్న వివరం అన్నీ అందులో కట్టి ఉంటాయి. మన సంఘం కంప్యూటరులో ఉన్నది డెబియన్. 1993లో ఇయాన్ మర్డాక్ మొదలుపెట్టిన లినక్సు పంపిణీ అది, ప్రపంచం నలుమూలల వలంటీర్లు కలిసి నడుపుతారు. 2023లో వచ్చిన డెబియన్ 12లో 64 వేలకు పైగా ప్యాకేజీలున్నాయి. వాటిని కట్టేవాళ్లలో చాలామంది ఒకరి మొహం ఒకరు చూసి ఉండరు. ఇంతమంది ఒకే బ్లాకులో ఇళ్లు కడుతుంటే పేర్లు ఢీకొనకుండా ఉంటాయా?

ఆ మూటలు విప్పి సర్దే రికార్డు కీపరు పేరు డీపీకేజీ. చాలా నిక్కచ్చి మనిషి. ఒక్కో ప్యాకేజీకి ఒక జాబితా పెట్టుకుని, ఏ ఫైలు ఎవరు తెచ్చారో రాసుకుంటుంది. కొత్త మూట విప్పుతున్నప్పుడు అందులోని ఫైలు ఇప్పటికే వేరే మూట పేరు మీద రాసి ఉంటే పని ఆపేస్తుంది. ఫలానా ఫైలు మీద రాయబోతున్నారు, అది ఫలానా ప్యాకేజీది అని హక్కుదారు పేరుతో సహా చెబుతుంది. రెడ్‌హ్యాట్ వాళ్ల ఆర్‌పీఎం కొంచెం మెత్తన. ఇద్దరూ తెచ్చిన ఫైలు అక్షరం తేడా లేకుండా ఒకటే అయితే ఊరుకుంటుంది, తేడా ఉంటేనే అడ్డుపడుతుంది.

ఇక మా కథ. మా పైవాటాలో శ్రీకాకుళం జిల్లా కుర్రాడు ఒకడు అద్దెకుండేవాడు. పగలు అమీర్‌పేటలో లినక్సు కోర్సు, రాత్రి మా వరండాలో లాప్‌టాప్. నాకు పొద్దుపోక పక్కన కూర్చునేవాణ్ని. ఒకరోజు నేనే అడిగాను: "బాబూ, మావాళ్లందరికీ డి.ఆర్. బకాయిలు లెక్కవేసుకోవడం తలనొప్పిగా ఉంది. బేసిక్ పెన్షను, నెలలు, శాతం ఇస్తే లెక్క చెప్పే ప్రోగ్రాము ఒకటి చెయ్యవూ?" వారం రోజుల్లో చేశాడు. ప్యాకేజీగా కట్టడం క్లాసులో అప్పుడే నేర్పారట, ఉత్సాహం మీద ఉన్నాడు. "పేరేం పెడదాం తాతగారూ?" అన్నాడు. నేను ఆలోచించకుండా "పీఆర్ అని పెట్టు" అన్నాను. పెన్షను రిలీఫ్ కాబట్టి పీఆర్. పైగా మనందరికీ పీఆర్ అంటే ఏమిటి? పర్సనల్ రిజిస్టరు. మన బల్ల మీదికొచ్చిన ప్రతి కాగితం అందులో ఎక్కించి, పీఆర్ చూపించమని సూపరింటెండెంటు గారు పిలిస్తే గుండె దడదడలాడుతూ వెళ్లినవాళ్లమే గదా. రెండక్షరాల పేరు, ఎవరూ మరిచిపోరు అని మురిసిపోయాను.

సంఘం కంప్యూటరులో ఎక్కించబోతే డీపీకేజీ ఒప్పుకోలేదు. /యూఎస్ఆర్/బిన్/పీఆర్ కోర్‌యుటిల్స్ అనే ప్యాకేజీది అంది. కుర్రాడు పుస్తకంలో వెతికి, దీనికో మార్గం ఉంది తాతగారూ అన్నాడు. కమాండుకు ఫోర్స్-ఓవర్‌రైట్ అని తోక తగిలిస్తే అడ్డు చెప్పకుండా పైన రాసేస్తుందట. అప్పుడు నేను అడగాల్సిన ప్రశ్న ఒకటే ఉంది. ఆ పాత పీఆర్ ఏం పని చేస్తుంది, దాన్ని ఎవరు వాడుతున్నారు? అడగలేదు. "కానీయ్" అన్నాను. ప్రోగ్రాము నడిచింది, నా బకాయి లెక్క పైసాతో సహా వచ్చింది, ఇద్దరం టీ తాగాం.

ఆ పాత పీఆర్ ముద్రణకు సంబంధించినది. పొడుగాటి జాబితానిస్తే పేజీలుగా విడగొట్టి, కావాలంటే రెండు మూడు వరుసలుగా సర్ది ముద్రణకు సిద్ధం చేస్తుంది. లినక్సు పుట్టకముందు, యూనిక్సు రోజుల నుంచీ ఉన్న కమాండు. మన సంఘంలో దాన్ని వాడుతున్న సంగతి మా ఇద్దరికీ తెలీదు. ఎన్నో ఏళ్ల కిందట మరెవరో కుర్రాడు రాసిపెట్టిపోయిన నాలుగు వరుసల స్క్రిప్టు ఒకటుంది. అది జీవన ధృవీకరణ పత్రం ఇంకా ఇవ్వని సభ్యుల పేర్లు ఏరి, పీఆర్ చేత మూడు వరుసల్లో సర్దించి, ప్రింటు తీస్తుంది. ఆ కాగితం పట్టుకుని మన వలంటీర్లు పేరు పేరునా ఫోన్లు చేస్తారు. మీకూ ఆ ఫోన్లు వచ్చే ఉంటాయి.

ఆ నెల స్క్రిప్టు నడిచింది. పీఆర్‌ని పిలిచింది. వచ్చింది మా పీఆర్. అంకెలు రావాల్సిన చోట పేర్లు వచ్చేసరికి, మావాడి ప్రోగ్రాము వాటిని సున్నాలుగా లెక్కేసుకుని ఒక్క ముక్క ముద్రించి ఊరుకుంది: "మొత్తం బకాయి 0".

మన వలంటీరు మిత్రులు ఆ కాగితం చూశారు. బకాయి సున్నా. అంటే పత్రం ఇవ్వాల్సినవాళ్లు ఎవరూ లేరు, ఈ ఏడు అందరూ ముందే ఇచ్చేశారు అనుకున్నారు. వాళ్ల తప్పేముంది? ఆ కాగితం మీద ఉన్న మాటకు అర్థం అదే. సంతోషించి ఫోన్లు మానేశారు. గడువు దాటింది. నలుగురికి పెన్షను ఆగింది.

ముగ్గురు పిల్లల దగ్గర ఉండేవారు, సర్దుకున్నారు. నాలుగో ఆవిడ ఫ్యామిలీ పెన్షనరు. బల్కంపేట వైపు ఒక్కరే ఉంటారు, ఎనభై రెండేళ్లు. గుండె జబ్బుకు నిమ్స్‌లో చూపించుకుంటారు. ఒకటో తారీఖున బ్యాంకుకు వెళ్లి డబ్బు పడలేదని తెలుసుకుని, ఎవర్నీ అడగడం ఇష్టంలేక, ఆ నెల మందులు సగం రోజులకే కొనుక్కున్నారు. మరుసటి నెల బకాయితో సహా వచ్చింది. సగం మందులతో గడిపిన నెల మాత్రం వెనక్కి రాలేదు. నేను వెళ్లి జరిగింది చెప్పాను. "పోనీలే బాబూ, కావాలని చేశారా" అన్నారు. ఇంకేదైనా అని ఉంటే బాగుండేది.

తప్పు తెలిశాక రెండో తప్పు చేశాం. మా ప్యాకేజీ తీసేస్తే పాతది మళ్లీ బయటికొస్తుంది గదా అనుకున్నాం. పోస్టరు చింపేస్తే కింది పోస్టరు కనపడ్డట్టు. కనపడలేదు. డిస్కులో కింద అంటూ ఏమీ ఉండదు. మేం రాసినప్పుడే పాతది పోయింది. మాది తీసేసేసరికి ఆ పేరుతో ఏదీ మిగల్లేదు. స్క్రిప్టు ఈసారి కమాండే లేదని మొరపెట్టుకుంది. చివరికి కోర్‌యుటిల్స్ ప్యాకేజీని మళ్లీ ఇన్‌స్టాల్ చేస్తే పాత పీఆర్ తన ఇంటికి తాను వచ్చింది.

నాకు ఇంకా సిగ్గు ఎందుకంటే, ఇలాంటిది నాకు తెలియని విషయం కాదు. 1983లో నేను ఎస్టాబ్లిష్‌మెంటు సీట్లో ఉన్నాను. ఏ ఆఫీసో వద్దు. అక్కడ ఒక అటెండరు ఉండగా, బదిలీ మీద ఇంకో అటెండరు వచ్చాడు. ఇంటి పేరు ఒకటే, పేరు ఒకటే, ఇంగ్లీషులో రాసే పొడి అక్షరాలు కూడా ఒకటే. రెండు సర్వీసు రిజిస్టర్లూ ఒకే బీరువాలో, ఒకే అరలో. పైన ఉన్నది తీసి, పేరు సరిపోయింది గదా అని ఒకరి సెలవు మరొకరి పుస్తకంలో రాశాను. ఒకసారి కాదు, మూడుసార్లు. 1991లో వారిలో ఒకరు సర్వీసులో ఉండగానే చనిపోయారు. అప్పుడు బయటపడింది. రెండు పుస్తకాలూ హాజరు పట్టీలతో సరిపోల్చి, ఆడిటు వారి అభ్యంతరాలకు జవాబులిచ్చి, ఆయన భార్యకు పెన్షను మంజూరయ్యేసరికి ఏడు నెలలు. పెద్దావిడ, చిన్న పిల్లలతో రోజూ వచ్చి వరండా బల్ల మీద కూర్చునేవారు. ఆ తరవాత మా సూపరింటెండెంటు గారు పుస్తకం అట్ట మీద పేరు పక్కనే పుట్టిన తేదీ ఎర్ర సిరాతో రాయించారు. ఎప్పుడో చేయాల్సిన పని. అంత జరిగినవాణ్ని, నలభై ఏళ్ల తరవాత యంత్రం హక్కుదారు పేరుతో సహా చెబుతుంటే వినకుండా "కానీయ్" అన్నాను.

సరే, సొంత గోడు చాలు. ఈ తగాదాలు పెద్దవాళ్లు ఎలా తీరుస్తారో చూద్దాం.

డెబియన్ వారికి పాలసీ అని ఒక గ్రంథం ఉంది. మన డిస్ట్రిక్ట్ ఆఫీసు మాన్యువల్ లాంటిది. అందులో ఈ సంగతికి స్పష్టమైన నియమం ఉంది. వేర్వేరు పనులు చేసే రెండు ప్రోగ్రాములు ఒకే ఫైలు పేరుతో రాకూడదు. వస్తే ఆ రెండు ప్యాకేజీలు చూసేవాళ్లు మాట్లాడుకుని ఎవరు పేరు మార్చుకోవాలో తేల్చుకోవాలి. రాజీ కుదరకపోతే ఇద్దరూ మార్చుకోవాలి. ఇది మొదట విన్నప్పుడు పిల్లుల రొట్టె తగువు తీర్చిన కోతి గుర్తొచ్చి నవ్వొచ్చింది. ఆలోచిస్తే తెలివైన నియమం. పట్టుబడితే నాకూ దక్కదని తెలిస్తే ఎంతటివాడైనా రాజీకి వస్తాడు.

ఈ నియమం పూర్తిగా అమలైన తగాదా ఒకటి మన వీధుల్లోనే అర్థమవుతుంది. పంజాగుట్ట నుంచి సోమాజిగూడ వైపు వెళ్తే రాజ్‌భవన్ రోడ్డు. చాలా ఏళ్లపాటు ఆ చిరునామాతోనే దేశమంతా తెలిసిన సంస్థ నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ అమెచ్యూర్ రేడియో. హామ్ రేడియో వారన్నమాట. సరదా మనుషులని తేలిగ్గా తీసుకోకండి. 2004 డిసెంబరులో సునామీ వచ్చినప్పుడు ఈ సంస్థకు చెందిన భారతీ ప్రసాద్ గారు హామ్ రేడియో పని మీద అండమాన్‌లోనే ఉన్నారు. ఫోన్లు పోయిన ఆ రోజుల్లో పోర్టు బ్లెయిరు నుంచి ఆవిడ రేడియో మీదే ఎందరి క్షేమ సమాచారాలో ఒడ్డుకు చేరాయి. ఈ హామ్‌లు రేడియో తరంగాల మీద కంప్యూటర్లను కూడా కలుపుకుంటారు. దానికి వాడే లినక్సు ప్రోగ్రాము ఒకదాని పేరు "నోడ్". డెబియన్‌లో ఎప్పటినుంచో ఉంది.

2009లో రయాన్ డాల్ అనే ఆయన నోడ్.జేఎస్ తయారుచేశాడు. జావాస్క్రిప్టును బ్రౌజరు బయట నడిపే సాధనం. అమీర్‌పేటలో ఆ బోర్డు చూడని మనిషి ఉండడు. దాని కమాండు కూడా "నోడ్". ఇక చూడండి. రాజ్‌భవన్ రోడ్డు వారి నోడ్ ముందునుంచీ ఉన్నది, వాడేవాళ్లు కొద్దిమంది. మైత్రీవనం వారి నోడ్ మొన్న వచ్చింది, వాడేవాళ్లు లక్షల్లో. ఎవరిది హక్కు?

కొత్తవారు "ప్రపంచమంతా మా పుస్తకాల్లో నోడ్ అనే రాసి ఉంది" అన్నారు. పాతవారి వాదం నాకు గుమాస్తాగా బాగా తలకెక్కింది. హామ్ కేంద్రం ఎక్కడో కొండ మీద ఉంటుంది, మనిషి ఉండడు. పేరు మారిస్తే ఆ యంత్రం మూగపోతుంది, సరిచేయడానికి కొండెక్కాలి. అసలీ రెండు ఫైళ్లూ ఒకే చోట కూడా లేవు. ఒకటి బిన్‌లో, ఒకటి ఎస్‌బిన్‌లో, అంటే పక్క బ్లాకులో. డీపీకేజీకి అభ్యంతరం లేదు. కానీ కమాండు కొట్టేవాడు పేరు మాత్రమే కొడతాడు, బ్లాకు చెప్పడు. ఎవరు ముందు దొరికితే వాళ్లు పలుకుతారు. అందుకే తగాదా డెబియన్ టెక్నికల్ కమిటీ దాకా వెళ్లింది. 2012 తీర్పు ఇది: హామ్ వారి ప్రోగ్రాము ఏఎక్స్25-నోడ్ కావాలి. కొత్తవారి ప్రోగ్రాము నోడ్‌జేఎస్ అనే పేరుతో రావాలి. నోడ్ అనే పాత అలవాటు కావాలన్నవారికి వేరే చిన్న ప్యాకేజీ విడిగా ఉంటుంది, కావాలనుకుంటేనే వేసుకోవచ్చు.

ఇద్దరూ మార్చుకున్నారు. దాని బాధ మన పిల్లలు పడ్డారు. పుస్తకంలో ఉన్నట్టు నోడ్ అని కొట్టడం, కమాండు లేదనిపించుకోవడం. హామ్‌ల ప్రోగ్రాము పాత పేరు వదిలేసి ఏళ్లు గడిచాక, ఇక ఎవరికీ నష్టం లేదని తేలాక, నోడ్ అనే పేరును నోడ్.జేఎస్ వారికి ఇచ్చేశారు. 2019లో వచ్చిన డెబియన్ 10లో అలాగే ఉంది. ఆలస్యమయిందని కుర్రవాళ్లు విసుక్కుంటారు. నాకైతే ముచ్చటేసింది. లక్షలమంది ఒకవైపు, గుప్పెడుమంది ఒకవైపు ఉన్నా, ఆ గుప్పెడుమందికి ఇల్లు ఖాళీ చేసుకునే వ్యవధి ఇచ్చారు.

పేరు ముందు పుట్టినవాడిదే అని కూడా అనుకోకండి. లినక్సు సృష్టికర్త లీనస్ టోర్వాల్డ్స్ 2005లో గిట్ అనే సాధనం రాశాడు. ఆ పేరుతో డెబియన్‌లో అప్పటికే గ్నూ ఇంటరాక్టివ్ టూల్స్ అనే మరో ప్యాకేజీ ఉంది. అంతటివాడి గిట్ కూడా 2010 వరకు డెబియన్‌లో గిట్-కోర్ అనే పేరుతోనే ఉండాల్సివచ్చింది. పాతది పక్కకు జరిగాకే ఆ పేరు దక్కింది.

పేరు మార్చడం ఒక్కటే దారి కాదు. రెండు ప్రోగ్రాములూ ఒకే పని చేసేవైతే, ఉదాహరణకు కంప్యూటరులో రెండు రకాల జావాలుంటే, ఇన్‌చార్జి పద్ధతి ఉంది. దాన్ని అప్‌డేట్-ఆల్టర్నేటివ్స్ అంటారు. జావా అనే కుర్చీ ఒకటే, అందులో ఎవరు కూర్చోవాలో యజమాని ఆర్డరు వేస్తాడు. రెండోవారు తమ సొంత చిరునామాలో తాము ఉంటారు. ఆర్డరు మారిస్తే కుర్చీ మారుతుంది, ఎవరి సామాను ఎవరూ పారెయ్యరు. వేర్వేరు పనులు చేసేవాటికి మాత్రం ఈ పద్ధతి పనికిరాదు. ట్రెజరీ ఆఫీసరు సెలవు పెడితే డాక్టరుగారిని ఇన్‌చార్జిగా వేయం గదా.

ఇంకొకటి, ఫైలు నిజంగానే ఒక ప్యాకేజీ నుంచి ఇంకో ప్యాకేజీకి బదిలీ అయిన సందర్భం. 2014 జూన్ 2 ముందు ఆఫీసుల్లో ఉన్నవాళ్లకు ఇది చెప్పనక్కర్లేదు. ఏ ఫైలు ఆంధ్రప్రదేశ్‌కు, ఏది తెలంగాణకు అని జాబితాలు కట్టి అప్పగించడం. ప్యాకేజీలో కూడా అలాగే రాయాలి. "ఫలానా ప్యాకేజీ ఫలానా వెర్షను కంటే పాతదైతే, దానిలోని ఈ ఫైలు ఇకమీదట నాది" అని రీప్లేసెస్ అనే పంక్తిలో. "ఆ పాత వెర్షను నాతో కలిసి ఉండకూడదు" అని బ్రేక్స్ అనే పంక్తిలో. మన చార్జి అప్పగింత రిపోర్టు, రెండువైపులా సంతకాలతో. అది ఉంటే డీపీకేజీ పాత జాబితాలోంచి ఆ ఫైలు కొట్టేసి కొత్త జాబితాలో రాసుకుంటుంది. ఫోర్స్ చేసినప్పుడు జరిగేది కూడా ఫైలు మారడమే గదా అంటారేమో. కాదు. అక్కడ చార్జి తీసుకున్నవాడే ఉంటాడు, ఇచ్చినవాడు ఉండడు.

డీపీకేజీ-డైవర్ట్ అని మరొకటి ఉంది. పాత ఫైలును వేరే పేరుతో పక్కన భద్రపరిచి ఆ చోటు కొత్తదానికి ఇవ్వడం. పక్కన పెట్టిన సంగతి రిజిస్టరులో ఉంటుంది గనక తరవాత తిరిగి యథాస్థానంలో పెట్టొచ్చు. అవసరం వస్తే వాడతారు గాని ఇష్టంగా వాడరు.

ఇక్కడ ఒక హెచ్చరిక. డీపీకేజీ అడ్డుపడే తగాదాలు పరవాలేదు. అడ్డుపడనివే ప్రమాదం. మన ఊళ్లో పాత నంబరు, కొత్త నంబరు ఉన్నట్టు, పంజాగుట్టను ఇంగ్లీషులో రెండు రకాల స్పెల్లింగులతో రాసినట్టు, లినక్సులో కూడా ఒకే ఇంటికి రెండు చిరునామాలు వచ్చాయి. ఒకప్పుడు /బిన్, /యూఎస్ఆర్/బిన్ వేర్వేరు. తరవాత రెండూ కలిపేశారు, ఏ దారిన వెళ్లినా ఒకే గదికి చేరతాం. డెబియన్ 12 వచ్చేసరికి ఇది తప్పనిసరి అయింది. కానీ డీపీకేజీ తన జాబితాలో ఎలా రాసుందో అలాగే చదువుతుంది. రెండు చిరునామాలూ రెండు ఇళ్లే అనుకుంటుంది. ఒక ఫైలు ప్యాకేజీ మారుతూ, అదే సమయంలో చిరునామా రాత కూడా మారితే అడ్డు చెప్పదు. కొత్తది పెట్టాక, పాత చిరునామాలో ఉన్నది తీసేస్తున్నాననుకుని కొత్తదాన్నే తీసేస్తుంది. ఒక్క హెచ్చరిక రాదు, ఫైలు ఉండదు. అందుకే అలాంటి బదిలీలు కొంతకాలం ఆపి, జాగ్రత్తలు ఆలోచించుకున్నాకే సాగించారు. మా "బకాయి 0" కాగితం కూడా ఈ జాతిదే. తప్పు అని చెప్పి ఉంటే ఎవరో ఒకరు చూసేవారు.

ఇప్పుడు సంఘం కంప్యూటరులో ఏం చేశామో చెప్పి ముగిస్తాను. మా ప్రోగ్రాముకు సంఘం-డీఆర్ అని పేరు మార్చాం. కొంచెం పొడుగే. పొడుగైనా మనది అని తెలుస్తుంది, ఇంకొకరు పెట్టుకునే అవకాశం తక్కువ. పేరు ఖాయం చేసేముందు ఆ పేరు మీద ఎవరైనా ఉన్నారేమో రెండు రకాలుగా చూశాం. డీపీకేజీకి ఎస్ అనే అక్షరం తగిలించి ఫైలు చిరునామా ఇస్తే ఈ కంప్యూటరులో హక్కుదారు ఎవరో చెబుతుంది. ఏపీటీ-ఫైల్ అనే సాధనం మనం ఎక్కించుకోని ప్యాకేజీల్లో కూడా వెతికి చెబుతుంది. రెండోది ముఖ్యం. ఇవాళ ఖాళీగా కనపడిన ఇంటికి రేపు అసలు యజమాని రావచ్చు.

స్క్రిప్టును కూడా సరిచేశాం. ఇప్పుడది జాబితాతో పాటు మొత్తం ఎంతమంది సభ్యులో, ఎంతమంది పత్రం ఇచ్చారో, ఎంతమంది ఇవ్వలేదో మూడంకెలు కాగితం పైన ముద్రిస్తుంది. రెండోది, మూడోది కలిపితే మొదటిది రావాలి. రాకపోతే ఆ కాగితం చెల్లదు. ఫోన్లు చేసే మిత్రులు ముందు ఆ కూడిక చేసుకుంటున్నారు.

కుర్రాడికి బెంగుళూరులో ఉద్యోగం వచ్చింది. వెళ్లేముందు ఒక ప్రోగ్రాములో ఏముందో, దాన్ని ఏ స్క్రిప్టు వాడుకుంటుందో నా చేత రూళ్ల నోటుపుస్తకంలో రాయించాడు. ఎడమవైపు ఫైలు చిరునామా, కుడివైపు హక్కుదారు, చివరి గడిలో వాడుకునేవారు. పదిహేడు పేజీలయింది. దాని అట్ట మీద నేను పీఆర్ అనే రాశాను. ఆ పేరు అక్కడ ఎవరితోనూ తగాదా పడదు.

నోటుపుస్తకం ఆఫీసు గదిలో కంప్యూటరు పక్కన సొరుగులో ఉంటుంది. డి.ఆర్. బకాయి లెక్క చూసుకోవాలనుకునేవారు పెన్షను స్లిప్పులు తీసుకుని మంగళవారం, శుక్రవారం ఉదయం పదకొండు నుంచి ఒంటి గంట లోపు రండి. నేనుంటాను. జీవన ధృవీకరణ పత్రం ఇంకా ఇవ్వనివారు ఈ సభలో ఎవరైనా ఉంటే, దయచేసి ఫోను కోసం ఎదురుచూడకుండా బయటికెళ్లేటప్పుడు గుమ్మం దగ్గర బల్ల మీద పేరు రాయించండి. పేరుతో పాటు పుట్టిన తేదీ కూడా.